గాటు లేని ముద్ర

సోల్‌గోల్ సంతవీధిలో చిల్‌బొక్ చెక్కిన ముద్రకి ఎటు పైకో ఎటు కిందికో చేత్తో పట్టుకుంటే తెలిసేది కాదు. మిగతా ఊళ్ళలో, సంతకానికి బదులు వేసే ఈ పేరు ముద్రలు చెక్కేవాళ్ళు కర్ర పక్కన చిన్న గాటు పెడతారు. బొటనవేలికి ఆ గాటు తగిలిందంటే పేరు నిటారుగా ఉన్నట్టే. చూడక్కర్లేదు, ఎర్ర ముద్దలో అద్ది కాగితం మీద ఒత్తేయడమే. చిల్‌బొక్ మాత్రం గాటు పెట్టేవాడు కాదు. ఎవరైనా సణిగితే ఒకటే జవాబు.

"తిప్పి చూసుకో. ముద్ర చూసుకునేటప్పుడు కాగితం కూడా ఓసారి కళ్ళబడుతుంది. వద్దనిపిస్తే వెయ్యకు."

ఈ పని అతనికి ఎవరూ నేర్పలేదు. తండ్రి వీపున బరువులు మోసి బతికినవాడు. జపాన్ వాళ్ళ కచేరీ వెనక చెత్తలో పడేసిన అరిగిపోయిన ముద్రలు ఏరుకొచ్చి, వాటిని ఎండలో తిప్పి తిప్పి చూసి, ముల్లంగి ముక్కల మీద చెక్కి నేర్చుకున్నాడు. అక్షరం తలకిందులుగా, అద్దంలో చూసినట్టు చెక్కాలి. తప్పు పోయిన ముల్లంగి తిరిగి వంటింట్లోకి వెళ్ళేది. "ఇవాళ ఎవరి పేరు తింటున్నాం?" అని వాళ్ళమ్మ వడ్డిస్తూ అడిగేది.

చెల్లెలు చిల్‌సూన్ పెళ్ళికి అతను ఇచ్చిన కానుక కూడా ముద్రే. పిడుగు పడిన రేగుచెట్టు కర్ర దొరకడం కష్టం. ఆ కర్రతో చేసిన ముద్ర దగ్గరుంటే కీడు రాదని అందరి నమ్మకం. రెండు కొండలు దాటి వెళ్ళి తెచ్చి, బావమరిది గున్‌సిక్ పేరు చెక్కి ఇచ్చాడు. అప్పుడది చిటికెన వేలంత పొడుగుండేది. నాలుగేళ్ళకి జపాన్ వాళ్ళు అందరూ జపాన్ పేర్లు పెట్టుకోవాలన్నారు. చిల్‌బొక్ ఆ ముఖం చిత్రిక పట్టి కొత్త పేరు చెక్కాడు. ఇంకో అయిదేళ్ళకి జపాన్ వాళ్ళు వెళ్ళిపోయారు. మళ్ళీ చిత్రిక పట్టి పాత పేరు చెక్కాడు.

"మనిషినేమో అలాగే ఉన్నాను, ముద్ర పొట్టిదైపోతోంది బావా," అన్నాడు గున్‌సిక్. "ఇంకో రెండు ప్రభుత్వాలు మారితే ఇది గుండీకి పనికొస్తుంది."

గున్‌సిక్ కౌలు రైతు. పనికంటే నోరు ముందు. చిల్‌బొక్‌కి మాటలంటే పడదు గానీ, ఈ ఒక్కడి మాటలు వింటూ ఉలి నూరుకోవడం ఇష్టం.

దేశం మధ్యన గీత గీశారని విన్నప్పుడు సోల్‌గోల్ వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. అది ఎక్కడో ఉత్తరాన పది రోజుల నడక దూరంలో ఉంది. రెండేళ్ళకి అది సంతవీధిలోకే వచ్చేసింది. పై వీధి మంగలి దగ్గర పోలీసుల పక్షం, కింది వీధి మంగలి దగ్గర ఉత్తరం వైపు మొగ్గే ఎర్రవాళ్ళ పక్షం. ఎవరి దగ్గర గడ్డం గీయించుకున్నావో చెప్తే చాలు, నువ్వెవరివో తేలిపోయేది. చిల్‌బొక్‌కి భార్య కుట్టు కత్తెరతో జుట్టు కత్తిరించేది. అందుకని రెండు పక్షాలూ అతన్ని అనుమానించాయి. పై వీధిలో ఒక పోలీసు పెదనాన్న గడ్డివాము తగలబడింది. వారానికి కింది వీధి మిల్లు ఓనరు వాగులో తేలాడు. ఎవరు ముందు మొదలెట్టారని అడిగితే, ఏ వీధిలో అడిగావో దాన్ని బట్టి జవాబు మారేది.

గున్‌సిక్ కింది మంగలి దగ్గరికి వెళ్ళేవాడు. కారణం ఒకటే, అది అతని పొలం దారిలో ఉంది.

*

ఇంకో రెండేళ్ళకి, శరదృతువులో ఊరి పెద్ద ప్యో చిల్‌బొక్ కొట్టుకి వచ్చాడు. చేతిలో గుడ్డసంచి ఉంది. ఊళ్ళో మగవాళ్ళ ముద్రలన్నీ ఆ సంచిలోనే ఉండేవి. రేషనుకీ వెట్టి పనికీ బడి చందాకీ కాగితం వచ్చినప్పుడల్లా ఇల్లిల్లూ తిరగలేక, మీ ముద్రలు నా దగ్గర పడెయ్యండని ఆయన ఎప్పుడో చెప్పాడు. అందరూ ఇచ్చేశారు. ఆయన తండ్రి కాలంలోనూ అంతే. తన ముద్ర తన దగ్గర ఉంచుకోమని చిల్‌బొక్ ఎంత చెప్పినా గున్‌సిక్ వినలేదు.

"నా దగ్గరుంటే దానికోసం పెద్దగారు మా ఇంటికి రావాలి. వస్తే బియ్యం కల్లు పొయ్యాలి. కల్లు కంటే ముద్ర ఇచ్చెయ్యడమే తేలిక."

ప్యో చెడ్డవాడు కాదు. బద్ధకస్తుడు. అరుగు మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు.

"ఎరువు వస్తోంది చిల్‌బొక్. ముప్ఫై రెండు పేర్లు. ఒక్కొక్కరికి నాలుగు కాగితాలు, ఒక్కో కాగితం మీద మూడు చోట్ల. ఎన్ని ఒత్తులు పడతాయో చూడు. ప్రతిదానికీ ఎటు పైకో తిప్పి చూసుకుంటూ కూర్చుంటే నాకీ జన్మకి తెమలదు. గాటు పెట్టు."

"నేను గాటు పెట్టనండి పెద్దగారూ."

"ఏం, గాటు పెడితే చెయ్యి విరుగుతుందా?"

పక్కనే కూర్చుని ఉన్న గున్‌సిక్ అందుకున్నాడు. "పెట్టు బావా! నీ పట్టుదలకి నా బార్లీ ఎండిపోవాలా? ఎల్లుండి విత్తాలి. ఎరువు రాకపోతే నీ చెల్లెలు నా మొహాన విత్తుతుంది."

చిల్‌బొక్ సంచి విప్పాడు. ఆ ముప్ఫై రెండూ ఏరి, ఒక్కో ముద్రా బిగింపు చెక్కలో పెట్టి, పక్కన ఉలితో చిన్న గాటు పెట్టడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఒకటి అయ్యాక రేగుకర్ర ముద్ర వచ్చింది. దాని మీద ఉలి ఆనించి ఆగాడు. గున్‌సిక్ గుడ్లప్పగించి చూస్తున్నాడు. గాటు పెట్టేశాడు.

ఒక పక్క అతను గాట్లు పెడుతుంటే, ఇంకో పక్క ప్యో అక్కడే బల్ల మీద ముద్రలు ఒత్తడం మొదలెట్టేశాడు. ఉతికిన బట్టల్ని ఆడవాళ్ళు రెండు కర్రలతో కొట్టినట్టు ఠక్ ఠక్ ఠక్. చూడనక్కర్లేదు. బొటనవేలే అన్నీ చూసుకుంటోంది. ఎరువు ఎన్ని బస్తాలొస్తుందో గున్‌సిక్‌తో మాట్లాడుతూనే ఒత్తేస్తున్నాడు.

అంతా అయ్యాక ఎర్రముద్ద ఆరడానికి కాగితాలు బల్ల మీద పరిచాడు. ఉలి తుడుచుకుంటూ చిల్‌బొక్ తల ఎత్తాడు. అప్పుడు చదివాడు, కాగితం నెత్తిన ఉన్న పెద్ద అక్షరాలు.

అది ఎరువు కాగితం కాదు. ఎర్రవాళ్ళతో కలిసి దారి తప్పామనీ, ఇప్పుడు బుద్ధి తెచ్చుకుని ఠాణా వాళ్ళు పెట్టిన సంఘంలో చేరుతున్నామనీ ఒప్పుకునే కాగితం.

ఊళ్ళో ఆ అక్షరాలు తిరగేసీ బోర్లేసీ చదవగలిగినవాడు తనొక్కడే. ఇంతసేపూ అవి మూరెడు దూరంలో ఉన్నాయి. చూడలేదు.

"పెద్దగారూ, ఇదేంటి?"

ప్యో గొంతు తగ్గించాడు. "ఠాణా వాళ్ళు ముప్ఫై రెండు పేర్లు కావాలన్నారు. నిజంగా అటు తిరిగినవాళ్ళు నలుగురో అయిదుగురో ఉంటారు. మిగతా లెక్క ఎక్కణ్ణుంచి తేను? కింది మంగలి దగ్గరికి వెళ్ళేవాళ్ళని రాసేశాను. ఏం కాదయ్యా! నెలకోసారి ఉపన్యాసం వింటారు, రోడ్డు ఊడుస్తారు. సంఘంలో ఉన్నవాణ్ణి ఇక ఎవరూ ముట్టుకోరు. ఎరువు కూడా ముందు వాళ్ళకే. నేను మంచే చేశాను."

"రోడ్డే కదా," అన్నాడు గున్‌సిక్ నవ్వుతూ. "ఊడ్చేస్తే పోలా!"

ఎరువు నిజంగానే వచ్చింది. బార్లీ బాగా పండింది. నెలకోసారి ముప్ఫై రెండు మందీ ఉపన్యాసానికి వెళ్ళి, గోడకి ఆనుకుని కునుకు తీసి వచ్చేవాళ్ళు. చిల్‌బొక్ మాత్రం ఆ రోజు నుంచి చెల్లెలి ఇంటికెళ్ళినప్పుడల్లా గున్‌సిక్ వీపు వైపు చూసేవాడు, దాని మీద ఏదో రాసి ఉన్నట్టు.

*

మరుసటి ఏడు జూన్ ఆఖరున ఉత్తరం సైన్యం గీత దాటింది. మూడు రోజుల్లో రాజధాని పోయింది. సోల్‌గోల్‌కి ఫిరంగి చప్పుడు ఇంకా రాలేదు గానీ, కాందిశీకులు వస్తున్నారు. జూలైలో ఒక ఉప్పు వర్తకుడు చిల్‌బొక్ కొట్టులో నీళ్ళు తాగుతూ చెప్పాడు. పక్క పట్నంలో, ఉత్తరం వాళ్ళొస్తే వాళ్ళతో కలుస్తారేమోనని, సంఘం వాళ్ళందర్నీ పోలీసులు రోడ్డు పనికని పిలిచారట. లారీ ఎక్కించారట. నాలుగు రోజులైందట. ఒక్కడూ తిరిగి రాలేదట. రెండూళ్ళ మధ్య ఉన్న గని లోయ వైపు వెళ్ళొద్దని చెప్తున్నారట.

మర్నాడే సోల్‌గోల్‌లోనూ పిలుపొచ్చింది. సంఘం వాళ్ళు ఎల్లుండి పొద్దున రోడ్డు పనికి పారలతో బియ్యం గిడ్డంగి దగ్గరికి రావాలి. సంఘం పేర్ల పుస్తకం కొత్తది రాస్తారు, ఎవరి ముద్ర వాళ్ళు తెచ్చుకోవాలి. ప్యో సంచి విప్పి ముద్రలు ఎవరివి వాళ్ళకి పంచాడు.

చిల్‌బొక్ పరుగున ప్యో దగ్గరికెళ్ళాడు. "పుకార్లు," అన్నాడు ప్యో. మొహం మాత్రం పాలిపోయి ఉంది. "దక్షిణానికి, భద్రంగా ఉండే చోటికి తీసుకెళ్తారేమో. నువ్విలా అరిస్తే నిన్నూ ఎక్కిస్తారు."

చిల్‌బొక్ ఇద్దరు ముగ్గురికి చెప్పి చూశాడు. ముద్ర వేసి లోబడ్డవాళ్ళం, మాకేం భయమన్నారు వాళ్ళు. ఆఖరికి గున్‌సిక్‌కీ చెప్పాడు.

"వెళ్ళకపోతే ఎలా బావా? నా ముద్ర ఉంది కదా ఆ కాగితం మీద."

"నువ్వు వెయ్యలేదు. ఆయన వేశాడు."

"ఎవరు వేస్తే ఏం, నా పేరే కదా. నేను ఎగ్గొడితే పెద్దగారి మాట పోతుంది. చిల్‌సూన్‌ని ఠాణాకి పిలుస్తారు. ఊరుకో, ఎప్పుడూ వెళ్ళేదేగా."

చిల్‌బొక్ ఇక వాదించలేదు. వాదించి గెలవడం అతనికి ఎన్నడూ చేతకాదు. "నీ ముద్ర ఇలా ఇవ్వు," అన్నాడు. "ఎర్రముద్ద గడ్డకట్టింది. శుభ్రం చేసిస్తాను, వెళ్ళేటప్పుడు తీసుకుపో."

*

ఆ పొద్దున ఎండ తొందరగా ఎక్కింది. గున్‌సిక్ ఉతికిన తెల్లబట్టలు కట్టుకుని, నడుముకి అన్నం మూట కట్టుకుని, భుజాన పారతో వచ్చాడు. చిల్‌బొక్ ముద్ర చూపించాడు. ముఖం నున్నగా ఉంది. అక్షరాలు లేవు.

"ఇదేంటి బావా! శుభ్రం అంటే ఇదా?"

"అంచు చిట్లింది. చిత్రిక పట్టాల్సి వచ్చింది. కూర్చో, చెక్కిస్తాను. ముద్ర లేకుండా వెళ్తే లోపలికి రానివ్వరు."

గున్‌సిక్ అరుగు మీద చతికిలపడ్డాడు. వీధిలో మనుషులు గిడ్డంగి వైపు వెళ్తున్నారు. భుజాల మీద పారలున్నాయి. చిల్‌బొక్ అక్షరం గీసుకున్నాడు, చెరిపాడు, మళ్ళీ గీసుకున్నాడు. ఉలి నూరాడు. మామూలుగా ఒక ముద్ర అతనికి ఒక పూట పని. మొదటి అక్షరం సగంలో ఉండగా కానిస్టేబుల్ బాంగ్ వచ్చాడు. పై వీధి కుర్రాడు, ఉద్యోగంలో చేరిననాడు ముద్ర ఇక్కడే చేయించుకున్నాడు. తగలబడిన గడ్డివాము వాళ్ళ పెదనాన్నదే.

"గున్‌సిక్, అందరూ వచ్చేశారు. నువ్వొక్కడివే."

"చెక్కుతున్నానయ్యా," అన్నాడు చిల్‌బొక్, తల ఎత్తకుండా. "ముద్ర లేకుండా పుస్తకంలో ఎలా రాసుకుంటారు?"

బాంగ్ ముద్రని చూశాడు. "తొందరగా కానియ్యండి," అని వెళ్ళాడు.

ఇరవై ఏళ్ళ పైబడి చిల్‌బొక్ చెయ్యి జారింది లేదు. ఇప్పుడు జారనిచ్చాడు. ఉలి అక్షరం అడ్డంగా దూసుకుపోయింది.

"అయ్యో! ముసలాడివైపోయావు బావా," అన్నాడు గున్‌సిక్. "ఈ చేత్తోనా నా పెళ్ళికి ముద్ర చెక్కింది? ఇటివ్వు, నేను చెక్కుకుంటాను, నా పార నీకిస్తాను."

"మాట్లాడకు."

మళ్ళీ చిత్రిక పట్టాడు. కర్రపొట్టు సన్నగా ఎర్రగా రాలింది. మళ్ళీ అక్షరం గీసుకున్నాడు. గిడ్డంగి వైపు నుంచి లారీ ఇంజను మొదలైన చప్పుడు వచ్చింది. ఆగకుండా అలాగే ఉరుముతూ ఉంది. గున్‌సిక్ లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

బాంగ్ ఈసారి పరుగున వచ్చాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. "పద. ముద్ర అక్కర్లేదట, వేలిముద్ర చాలన్నారు. పద, లే!"

"సరే, పద," అన్నాడు గున్‌సిక్.

"ఒక్క నిమిషం," అన్నాడు చిల్‌బొక్. "బిగింపు ఊడింది. ఈ చెక్క ఇలా పట్టుకో గున్‌సిక్, ఆఖరి గీత. పట్టుకో."

అలవాటుగా గున్‌సిక్ కుడిచేత్తో చెక్క పట్టుకున్నాడు. చిల్‌బొక్ ఉలి కర్రని వదిలి అతని బొటనవేలి కండలో దిగింది. సరిగ్గా ఎక్కడ దిగాలో అక్కడ, ఎముక తగిలేదాకా.

గున్‌సిక్ కెవ్వుమన్నాడు. రక్తం బల్ల మీద, తెల్లబట్టల మీద, కర్రపొట్టు మీద పడింది. చిల్‌బొక్ అతని వేలిని రెండు చేతులతో అదిమి పట్టుకుని, మొదటిసారి బాంగ్ కళ్ళలోకి చూశాడు. అడగడం అతనికి రాదు.

లారీ హారను మోగింది. బాంగ్ ఆ వేలిని చూశాడు. చిల్‌బొక్ చేతుల్ని చూశాడు. ఆ చేతులు ఎలాంటివో ఊళ్ళో అందరికీ తెలుసు.

"ఈ రక్తంతో పుస్తకం పాడవుతుంది," అన్నాడు గట్టిగా, వీధి మొత్తానికీ చెప్తున్నట్టు. "ఇంకో విడతలో రా." వెనక్కి తిరిగి పరిగెత్తాడు.

కాసేపటికి లారీ కొట్టు ముందు నుంచే వెళ్ళింది. వెనక ముప్ఫై ఒక్కమంది ఇరుక్కుని నిలబడ్డారు. చేతుల్లో పారలు లేవు. అయినా గున్‌సిక్‌ని చూసి ఎవరో అరిచారు. "ఒరేయ్ గున్‌సిక్! వేలు కోసుకుని పని ఎగ్గొట్టావా? వచ్చాక చెప్తాం నీ సంగతి!" లారీలో నవ్వులు. దుమ్ములో ఆ నవ్వులు దూరమయ్యాయి.

"పారలు ఏవి బావా?" అన్నాడు గున్‌సిక్ మెల్లగా. "పారలు దింపేశారేంటి?"

చిల్‌బొక్ వేలికి గుడ్డ చుట్టడం పూర్తి చేశాడు. "కొండ మీద నా కర్రల గుడిసె తెలుసుగా. వెనక దారిన వెళ్ళు. నేను కబురు పంపేదాకా దిగకు. ఎవరడిగినా కర్ర కోసం పంపానంటాను."

*

పద్దెనిమిది రోజులకి ఉత్తరం సైన్యం సోల్‌గోల్‌లోకి వచ్చింది. పోలీసులు ముందే వెళ్ళిపోయారు. గని లోయ తవ్వారు. ఆ ఎండలకి మొహాలు ఎవరివో తెలియలేదు. తెల్లబట్టలు అందరివీ ఒకటే. జేబుల్లో మాత్రం ముద్రలున్నాయి, పిలిచినప్పుడు తెమ్మన్నారు కాబట్టి. చిల్‌బొక్‌ని పిలిపించారు. ఒక్కొక్కటే కడిగి, కాగితం మీద ఒత్తి, పేరు చదివాడు. ముప్ఫై ఒక్కసార్లు. నిజానికి కాగితం అక్కర్లేదు, తన గీత తనకి తెలుసు. ప్రతిదాని పక్కనా బొటనవేలికి తన గాటు తగిలింది. ఏ ఇంటి ముద్ర ఆ ఇంటి ఆడమనిషి చేతికిచ్చారు.

గున్‌సిక్ కొండ దిగాడు. మాట్లాడటం మానేశాడు. ఆ లారీలో నవ్విన గొంతులు తలుచుకుంటూ కొట్టు అరుగు మీద కూర్చునేవాడు. చిల్‌బొక్ అతని ముద్ర పూర్తి చేసి ఇచ్చాడు. ఇప్పుడది చిటికెన వేలిలో సగం కూడా లేదు. ఇన్నిసార్లు చిత్రిక పట్టడంలో ముఖం దగ్గరున్న పాత గాటు కూడా పోయింది. కొత్తది పెట్టలేదు.

వారం తిరక్కుండా ఉత్తరం వాళ్ళు పెట్టిన కొత్త కమిటీ మనిషి కాగితం పట్టుకుని వచ్చాడు.

"ప్రజల కోర్టు కావాలని అర్జీ, తమ్ముడూ. మిగిలినవాడివి నువ్వొక్కడివే. ముందు నీ ముద్ర పడాలి. ఆ తర్వాత మిగతా ఇళ్ళు."

"ప్యో మీదేనా?" అన్నాడు గున్‌సిక్. చాలా రోజులకి అతని గొంతు వినబడింది.

"మరింకెవరి మీద?"

గున్‌సిక్ ముద్ర తీసి ఎర్రముద్దలో అద్దాడు. కాగితం మీదికి తెచ్చాడు. కట్టు ఇంకా పూర్తిగా ఊడని బొటనవేలు గాటు కోసం వెతికింది. లేదు. ముద్ర తిప్పి, ముఖం ఎండవైపు పెట్టి చూశాడు. ఎటు పైకో చూస్తున్నవాడల్లా కాగితం కేసి చూశాడు. వరసలు చాలా ఉన్నాయి.

"ఒక్క పేరుకి ఇన్ని అక్షరాలా? చదువు బావా."

చిల్‌బొక్ చదివాడు. ప్యో. ప్యో తమ్ముళ్ళిద్దరు. ప్యో కొడుకు. ప్యో కోడలు.

"కోడలెందుకు? కాపురానికొచ్చి ఏడాది కాలేదు. కడుపుతో ఉంది."

"కానిస్టేబుల్ బాంగ్ చెల్లెలు," అన్నాడు కమిటీ మనిషి. "వెయ్యి, ఎండెక్కుతోంది."

గున్‌సిక్ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఎర్రముద్ద ఆరిపోయేంతసేపు. "పెద్దాయన పేరొక్కటే రాసి తీసుకురా, వేస్తాను," అన్నాడు. "మళ్ళీ ఊరంతా ఒకే కాగితమైతే నేను వెయ్యను."

కమిటీ మనిషి అతన్ని ఎగాదిగా చూసి, కాగితం మడిచాడు. "ఎవరు మావాళ్ళో ఎవరు కాదో ఇలాగే తెలుస్తుంది," అని కింది వీధి వైపు వెళ్ళాడు. విధవరాళ్ళ ఇళ్ళవైపు. కాసేపటికి అటునుంచి చప్పుడు వినిపించింది, ఠక్, ఇంకాసేపటికి ఠక్. చదువురాని చేతులు, చేత్తో పట్టుకుంటే ఎటు పైకో తెలిసిపోయే ముద్రలు.

చిల్‌బొక్ ఉలీ చిత్రికా సంచిలో వేసుకుని ఆ వీధి పై చివర నుంచి మొదలుపెట్టాడు. "ముద్ర ఇవ్వమ్మా, కడిగి శుభ్రం చేసిస్తాను," అన్నాడు ఇంటింటా. కొందరిచ్చారు. ఒకావిడ ఎందుకని అడిగి, అతని మొహం చూసి, తలుపేసుకుంది. ఒకావిడ "నువ్వు పెట్టిన గాటే కదా," అని మొహాన విసిరింది. అతను కిందపడిన ముద్ర వెతికి తీసుకున్నాడు.

పొద్దు వాలేసరికి ఆ కాగితం మీద పద్దెనిమిది ముద్రలు పడ్డాయి. పదమూడు చిల్‌బొక్ బల్ల మీద నున్నగా, పేర్లు లేకుండా ఉన్నాయి. పద్దెనిమిది చాలన్నారు. ప్యోనీ తమ్ముళ్ళనీ కొడుకునీ తీసుకెళ్ళారు. కోడలు ఇంట్లో లేదు. పెరటి తలుపు కొండ వైపు తెరిచి ఉంది.

కమిటీ మనిషి కొట్టు ముందు ఆగాడు. "నీ బావమరిది ఎక్కడ?"

చిల్‌బొక్ ఉలి మీద నుంచి కళ్ళెత్తలేదు. "కర్ర కోసం కొండకి పంపాను," అన్నాడు. "ఇదిగో, ఇన్ని ముద్రలు చెక్కాలి కదా."